గిజిగాడి గూళ్లలో పిల్లలున్నాయో లేదో ఎట్లా తెలుస్తుంది?
మాది చంద్రగిరి దగ్గర పల్లె. బావి మీదికి వంగిన ఈతచెట్టుకు ఈ వానలకు గిజిగాళ్లు తొమ్మిది గూళ్లు అల్లినాయి. పసుపు తల మగపిట్ట టోపీలాంటి సగం గూడు కట్టి, దానికి వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటుంది. ఆడది వచ్చి, లోపల దూరి, పోచల్ని ముక్కుతో లాగి చూస్తుంది. నచ్చితేనే మగది కింద గొట్టం అల్లుతుంది, తర్వాత ఇంకో ఆడదాని కోసం ఇంకో గూడు మొదలుపెడుతుంది. పక్షుల శాస్త్రవేత్త సలీం అలీ 1930లోనే ఇది గమనించారు.

నాలుగు గూళ్లు టోపీ దగ్గరే ఆగి ఎండిపోయినాయి. వాటికి ఇక ఆడవి రావా? మోటారు దించడానికి అడ్డమని నాయన ఆ మట్టలు కొట్టేద్దామంటున్నాడు. గొట్టమున్న ఐదింటిలో పిల్లలున్నాయేమోనని నాకు భయం. చెయ్యి పెట్టకుండా ఎట్లా తెలుసుకోవాలి? ఎన్నాళ్లు ఆగమని చెప్పాలి? తెలిసినవాళ్లు దయచేసి తొందరగా చెప్పండి.