సైలెంట్ శామ్ మీద డిబేట్: ‘విగ్రహం ఉండాలి’ వైపు పడింది, ఎక్కడ దొరికిపోతాం?

సాగరతీరం:
విశాఖలో కాలేజీల మధ్య తెలుగు డిబేట్ ఉంది. అంశం: ‘నార్త్ కరోలినా యూనివర్సిటీ, చాపెల్ హిల్ క్యాంపస్‌లోని కాన్ఫెడరేట్ సైనికుడి విగ్రహాన్ని తొలగించాల్సిందే’. (కాన్ఫెడరేట్ అంటే 1861–65 అమెరికా అంతర్యుద్ధంలో విడిపోయిన దక్షిణాది రాష్ట్రాల పక్షం.) చీటీ తీస్తే మాకు ‘అక్కర్లేదు’ వైపు వచ్చింది. విగ్రహాన్ని సైలెంట్ శామ్ అంటారని, 1913లో పెట్టారని, 2018 ఆగస్టు 20 రాత్రి నిరసనకారులు తాళ్లు కట్టి లాగేశారని తెలుసు. మా దగ్గర మూడు పాయింట్లున్నాయి. అది యుద్ధంలో చనిపోయిన విద్యార్థుల స్మారకం. తీసేస్తే చరిత్రను చెరిపినట్టే. పక్కన వివరణ ఫలకం పెడితే సరిపోతుంది. వీటిలో ఏది నిలబడుతుంది? దించడం చాలా ఖర్చు, సాంకేతికంగా కష్టం అని వాదించొచ్చా? బరువెంత ఉంటుందో, ఎలా దించుతారో లెక్కతో చెప్పగలిగినవాళ్లుంటే చెప్పండి. జడ్జీలు ట్యాంక్‌బండ్ సంగతి ఎత్తుతారని కూడా అనుమానం.

పాతకాగితం:
మొదటి పాయింటులో ‘చనిపోయిన’ అన్న మాట ముందు కొట్టేయండి. దిమ్మె మీద రాసింది 1861–65 యుద్ధానికి వెళ్లిన ఆ యూనివర్సిటీ విద్యార్థులందరి గురించి, చనిపోయినవాళ్ల గురించి మాత్రమే కాదు. అవతలి జట్టు ఆ రాత చదివి వస్తే మొదటి నిమిషంలోనే మీ పరువు పోతుంది. స్మారకం అన్న మాట మాత్రం వదలకండి. దిమ్మెకున్న ఒక శిల్పఫలకంలో రాష్ట్రానికి ప్రతీకగా ఒక స్త్రీ చదువుకునే కుర్రాణ్ణి యుద్ధానికి పిలుస్తుంటుంది, అతను పుస్తకాలు వదిలేస్తుంటాడు. విగ్రహం నడుముకి తూటాల పెట్టె లేదు, తుపాకీ పేలదు, అందుకే ‘సైలెంట్’. చేసింది కెనడా శిల్పి జాన్ విల్సన్. వీటిలో మీకు పనికొచ్చే సానుభూతి ఉంది.

మిమ్మల్ని ముంచేది ఆవిష్కరణ ఉపన్యాసం. 1913 జూన్ 2న జూలియన్ కార్ అనే పారిశ్రామికవేత్త మాట్లాడాడు. దక్షిణాదిలో ఆంగ్లో శాక్సన్ జాతిని ఈ సైనికులే కాపాడారన్నాడు. యుద్ధం ముగిశాక అక్కడికి దగ్గర్లోనే ఒక నల్లజాతి స్త్రీని బట్టలు చిరిగేదాకా గుర్రపు కొరడాతో కొట్టానని గొప్పగా చెప్పుకున్నాడు. ఆ కాగితాలు అదే యూనివర్సిటీ భాండాగారంలో ఉన్నాయి.

మీ రెండో పాయింటు ఇక్కడే కూలిపోతుంది. విగ్రహం వందేళ్లకు పైగా నిలబడినా ఆ కొరడా సంగతి దారినపోయేవాడికి తెలియలేదు. ఒక పరిశోధక విద్యార్థి కాగితాలు తిరగేస్తే బయటపడింది. చరిత్రను భద్రంగా ఉంచింది కాగితం, కంచు కాదు. ‘విగ్రహం పోతే చరిత్ర పోతుంది’ అంటే దీన్నే మీ మీదకి విసురుతారు.

కాలం లెక్క కూడా చూసుకోండి. యుద్ధం 1865లో అయిపోయింది, విగ్రహం 48 ఏళ్ల తర్వాత వచ్చింది. మధ్యలో 1898లో అదే రాష్ట్రంలోని విల్మింగ్టన్‌లో ఎన్నికైన నగర ప్రభుత్వాన్ని సాయుధ శ్వేతజాతి మూక పడదోసింది. 1900లో అక్షరాస్యత పరీక్ష పేరుతో నల్లజాతివాళ్ల ఓటు తీసేసే సవరణ వచ్చింది. విగ్రహం కావాలని అడిగింది యునైటెడ్ డాటర్స్ ఆఫ్ ది కాన్ఫెడరసీ అనే కాన్ఫెడరేట్ వారసురాళ్ల సంఘం. ఇది 1861 చరిత్రా, 1913 చరిత్రా అని అడిగితే సమాధానం సిద్ధంగా ఉంచుకోండి. యుద్ధం రాష్ట్రాల హక్కుల కోసమే అని మాత్రం పొరపాటున కూడా అనకండి. మిసిసిపీ విడిపోతూ చేసిన ప్రకటన, తమ స్థితి బానిసత్వ వ్యవస్థతో పూర్తిగా ముడిపడి ఉందని తనే చెప్పుకుంటుంది.

కోర్టుపక్షి:
చట్టం వైపు వెళ్లండి, మీకు గట్టి నేల అక్కడే ఉంది. నార్త్ కరోలినా 2015లో ఒక చట్టం చేసింది. ప్రభుత్వ స్థలంలో ఉన్న స్మారక వస్తువును రాష్ట్ర చారిత్రక కమిషన్ ఒప్పుకోకుండా కదపకూడదు. కదిపినా అంతే ప్రాముఖ్యం, అంతే గౌరవం, అంతే కనిపించే చోట పెట్టాలి. మ్యూజియంలోకో శ్మశానానికో పంపకూడదు, అది మొదటే అక్కడ ఉన్నదైతే తప్ప. తాత్కాలికంగా తీస్తే పని పూర్తయిన 90 రోజుల్లోగా తిరిగి పెట్టాలి. మినహాయింపు ఒకటుంది: కట్టడాల ఇన్‌స్పెక్టర్ ఇది ప్రమాదకర స్థితిలో ఉందని తేలిస్తే తీయొచ్చు.

2017 ఆగస్టులో చార్లట్స్‌విల్‌లో శ్వేతజాతివాదుల ర్యాలీ గొడవ తర్వాత గవర్నర్ రాయ్ కూపర్ ఆ మినహాయింపు వాడుకోవచ్చని యూనివర్సిటీకి రాశాడు. యూనివర్సిటీ ఒప్పుకోలేదు. ప్రమాదకర స్థితి అంటే దిమ్మె బీటలివ్వడమా, గుంపు వచ్చి పడటమా? తగువంతా ఆ ఒక్క మాట మీదే. దీంతో ఏడాదిపాటు ఎవరూ సంతకం పెట్టలేదు, కాపలాకి మాత్రం దాదాపు 3,90,000 డాలర్లు ఖర్చయ్యాయి. మరుసటి రోజు తరగతులు మొదలవుతాయనగా విగ్రహం నేల మీద పడింది.

తర్వాతి కథ వరసగా రాసుకోండి, తేదీలు తప్పితే మార్కులు పోతాయి. 2018 డిసెంబరులో ఛాన్సలర్ కారల్ ఫోల్ట్ 53 లక్షల డాలర్లతో కొత్త భవనం కట్టి అందులో పెడదామంది, పై బోర్డు కాదంది. 2019 జనవరి 14న ఆమె రాజీనామా ప్రకటిస్తూనే ఖాళీ దిమ్మెను తీసేయమని ఆదేశించింది, ఆ రాత్రే తీశారు. 2019 నవంబరు 27న విగ్రహాన్ని, దాంతోపాటు 25 లక్షల డాలర్ల ట్రస్టును సన్స్ ఆఫ్ కాన్ఫెడరేట్ వెటరన్స్ అనే కాన్ఫెడరేట్ సైనికుల వారసుల సంఘానికి ఇచ్చే రాజీ కుదిరింది. 2020 ఫిబ్రవరిలో ఆ రాజీని ఆమోదించిన జడ్జే దాన్ని కొట్టేశాడు. అసలు దావా వేసే అర్హతే ఆ సంస్థకు లేదన్నాడు.

‘చట్టం ఉండగా తాడు ఎందుకు?’ అని మీరు అడగొచ్చు. ‘చట్టం తలుపులన్నీ మూసేస్తే?’ అని వాళ్లు అంటారు. డిబేట్ అసలు జరిగేది అక్కడ.

సాగరతీరం:
చాలా థాంక్సండి ఇద్దరికీ. ఫలకం పాయింటు మిగిలిందా మరి? బరువు సంగతి కూడా ఎవరైనా చెప్తే బాగుంటుంది.

పాతకాగితం:
ఫలకానికి మిసిసిపీ యూనివర్సిటీని చూడండి. అక్కడి సైనికుడి విగ్రహం 1906 నాటిది. 2016లో వివరణ ఫలకం పెట్టారు. మొదటి రాతలో బానిసత్వం ఊసే లేదని గొడవైతే మళ్లీ రాశారు. నాలుగేళ్లకి, 2020 జులైలో, విగ్రహాన్నే క్యాంపస్‌లోని కాన్ఫెడరేట్ శ్మశానానికి మార్చారు. ఆ రాష్ట్ర చట్టం మరింత అనువైన చోటికి మార్చడాన్ని ఒప్పుకుంటుంది. అయితే అక్కడ దారులు, దీపాలు పెట్టి ముస్తాబు చేసే పథకం బయటికి రాగానే, తీయమన్నవాళ్లే ఇది గుడి కట్టినట్టుందని అడ్డం తిరిగారు. ఫలకం పని చేయాలంటే రాత ఎవరు రాస్తారో, ఎవరు ఆమోదిస్తారో ముందే తేలాలి. ఆ రెండూ చెప్పకుండా ఫలకం చాలు అనడం గాల్లో మాటే.

కంచుపోత:
బరువు దగ్గరికి వద్దాం. పోత కంచు విగ్రహం లోపల బోలు. ఎత్తు పెరిగితే బరువు ఘనం లెక్కన పెరుగుతుందనుకుంటారు, కాదు. మందం అంతే ఉంటే పైవైశాల్యంతోపాటే పెరుగుతుంది. మనిషి ఒంటి వైశాల్యం దాదాపు 1.9 చదరపు మీటర్లు. ఒకటిన్నర రెట్లు విగ్రహమైతే దానికి 2.25 రెట్లు, అంటే 4.3. కోటు మడతలు, తుపాకీ, కాళ్ల కింద పలక కలిపి 5.5 వేసుకోండి. పోత మందం 6 మిల్లీమీటర్లు, కంచు ఘనమీటరుకు 8,800 కిలోలు. గుణిస్తే 290 కిలోలు వస్తుంది, 300 అనుకోండి. ఇది సైలెంట్ శామ్‌ని తూచిన బరువు కాదు, ఆ తరహా విగ్రహానికి ఒక అంచనా.

ఈ 300 కిలోలు హైడ్రా క్రేన్‌కి లెక్కే కాదు. పొరపాట్లు జరిగేవి వేరే చోట. బెల్టులు మెడకో చేతులకో వేస్తే అతుకు దగ్గర విరుగుతుంది. పెద్ద విగ్రహాలు ముక్కలుగా పోసి అతికినవే, చేతులు బలహీనం. బెల్టు చంకల కింద ఒకటి, తొడల దగ్గర ఒకటి వేయాలి, లోపల రబ్బరో దుప్పటో పెట్టాలి. గొలుసు వద్దు, చిలుము పొరను గీకేస్తుంది. రెండు బెల్టులు హుక్కు దగ్గర కలిసినప్పుడు నేలతో 60 డిగ్రీలుంటే ఒక్కోదాని మీద 173 కిలోలు పడుతుంది. 30 డిగ్రీలకి వాలిస్తే ఒక్కోదాని మీద పూర్తి 300 పడుతుంది. బూమ్ (క్రేన్ చెయ్యి) ఎత్తు చాలక వాల్చేస్తుంటారు, తెగేది అప్పుడే. తిరగకుండా రెండు వైపులా గైడు తాళ్లు ఉండాలి.

ఎత్తే ముందు విగ్రహాన్ని దిమ్మెకు పట్టి ఉంచే కడ్డీలు తెంచాలి. పాత విగ్రహాల్లో ఇవి ఇనుపవి. ఇనుము, కంచు ఆనుకుని తడిస్తే ఇనుమే ముందు తుప్పు పట్టిపోతుంది. తుప్పు ఉబ్బి రాయిని చీలుస్తుంది. మన బీచ్‌రోడ్డు ఉప్పుగాలిలో ఇది మరీ త్వరగా అవుతుంది, అందుకే స్టెయిన్‌లెస్ వాడాలి. పలక కింద సందులోంచి సన్నటి రంపపు పట్టీతో కోస్తారు. కోయడం పూర్తి కాకుండా క్రేన్ లాగితే పాదాలు కిందే ఉండిపోతాయి.

తాడుతో లాగితే ఏమవుతుందంటే, 2.55 మీటర్ల ఎత్తు, 70 సెంటీమీటర్ల పలక, అసలు కడ్డీలే లేవనుకోండి. తల దగ్గర అడ్డంగా 41 కిలోల లాగుడు చాలు, ఒక్క మనిషి పడేస్తాడు. నిలబెట్టేది బరువు కాదు, కడ్డీలు. 15 మంది తలా 30 కిలోలు లాగితే వెనక రెండు కడ్డీల మీద ఒక్కోదానికి దాదాపు 870 కిలోలు పడుతుంది. మంచి 16 మిల్లీమీటర్ల కడ్డీ అంతకు నాలుగు రెట్లు ఆపుతుంది. ఊడొచ్చేది కడ్డీ చుట్టూ పట్టు, లేదా చిరిగేది పలక అంచు.

అసలు బరువు దిమ్మెది. ఒకటిన్నర మీటర్ల చదరం, రెండు మీటర్ల ఎత్తు గ్రానైటు 12 టన్నులు. బయట పలకలు, లోపల రాళ్ల కూర్పు అయితే ఒకే ముక్కగా ఎత్తబోతే నడుమ విడిపోతుంది. వరస వరస అంకెలేసి విప్పాల్సిందే. హైడ్రా మీద 14 టన్నులని రాసుంటే అది బూమ్ దగ్గరగా ఉన్నప్పటి మాట, చాచితే అందులో కొంతే.

కాబట్టి దించడం కష్టం, ఖర్చు అని వాదించకండి మాస్టారూ, నిలబడదు. వర్జీనియా రాష్ట్రంలోని రిచ్‌మండ్‌లో కాన్ఫెడరేట్ సేనాని లీ విగ్రహం 12 టన్నులు, దాన్నే 2021లో దించారు. రోడ్డు వంతెనల కింద పట్టదని నడుం దగ్గర కోసి తీసుకెళ్లారు. ఖర్చయ్యేది తర్వాత ఎక్కడ పెట్టాలన్న దగ్గర, ఆ 53 లక్షల డాలర్ల భవనం లాంటి వాటికి.

పూర్ణామార్కెట్:
ట్యాంక్‌బండ్ అడుగుతారు, రాసిపెట్టుకోండి. 2011 మార్చి 10, మిలియన్ మార్చ్ రోజు విగ్రహాలు కూల్చారు. శ్రీశ్రీ, జాషువా విగ్రహాలు కూడా పోయాయి. పోలిక పైపైన బాగుంటుంది గానీ జాషువాని పెట్టింది ఒక కులాన్ని అణచడానికి కాదు కదా. ఎవరు, ఎప్పుడు, ఏ మాటలతో పెట్టారన్నది కార్‌కీ ఇక్కడికీ వేరు. తర్వాత వాటిని తిరిగి నిలబెట్టారు, శామ్‌ని నిలబెట్టలేదు. పోలిక వాళ్లు తెస్తే మీకు లాభం, మీరు తెస్తే నష్టం.

మీకు కావలసిన ఉదాహరణ ఊళ్లోనే ఉంది. వన్‌టౌన్‌లో విక్టోరియా రాణి బొమ్మ. పరాయి పాలన పోయినా బొమ్మ ఉంది, ఎవరూ తాడు కట్టలేదు.

కోర్టుపక్షి:
రాణి బొమ్మ పోలికకు ఒక గొయ్యి ఉంది. ఆ బొమ్మ ముందు నుంచి రోజూ తరగతికి వెళ్లాల్సిన వాళ్లెవరూ లేరు. చాపెల్ హిల్‌లో నల్లజాతి విద్యార్థులకు ఆ దారే క్యాంపస్ దారి. అవతలివాళ్లు అదే అంటారు.

ప్రైవేటు, ప్రభుత్వ తేడా కూడా మర్చిపోకండి. డ్యూక్ యూనివర్సిటీ ప్రైవేటుది. అక్కడి ప్రార్థనామందిరం గుమ్మంలోని లీ విగ్రహం ముఖాన్ని 2017 ఆగస్టులో ఎవరో పగలగొడితే, కొద్ది రోజుల్లోనే, 19న, తీసేశారు. కమిషన్ లేదు, కోర్టు లేదు. గూడు ఖాళీగానే వదిలేశారు. ఆస్టిన్‌లోని టెక్సస్ యూనివర్సిటీ ప్రభుత్వానిదే, అయినా మార్చగలిగింది. 2015 ఆగస్టు 30న కాన్ఫెడరేట్ అధ్యక్షుడు జెఫర్సన్ డేవిస్ విగ్రహాన్ని దించి క్యాంపస్‌లోనే ఉన్న బ్రిస్కో చరిత్ర కేంద్రంలో ప్రదర్శనకు పెట్టింది. మీరు ‘అక్కర్లేదు’ అని ఊరుకోకుండా ‘తొలగించడం కాదు, టెక్సస్‌లా మార్చడం’ అంటే అవతలి జట్టు ఇబ్బందిలో పడుతుంది. అంశంలో ‘తొలగించాల్సిందే’ అని ఉంది కాబట్టి, చోటు మార్చడం కూడా తొలగింపే అని వాళ్లు ముందే నిర్వచనం చెప్పేయకుండా మీ మొదటి వక్తే ఆ తేడా చెప్పాలి.

సాగరతీరం:
మొదటి వక్తకి అదే ఇస్తున్నాం. ఖర్చు పాయింటు తీసేశాం. కంచుపోతగారూ, 300 కిలోల లెక్క ఎదుటివాళ్లు కదిపితే మందం 6 అనే చెప్పాలా?

కంచుపోత:
5 నుంచి 8 దాకా ఉండొచ్చని చెప్పండి. 8 వేస్తే 390 కిలోలు వస్తుంది. అయినా హైడ్రాకి లెక్కలేదు.