పాత గార్డెన్ ట్రాక్టరు: గేర్‌బాక్సు లోపల విరిగిన బోల్టులను తీయడం ఎలా?

ప్రశ్న:
నా పాత గార్డెన్ ట్రాక్టరులో వెనుక గేర్‌బాక్సును ఛాసిస్‌కు బిగించే నాలుగు బోల్టులలో రెండు నడుస్తుండగానే తెగిపోయి, వాటి ముక్కలు పోత ఇనుప హౌసింగులో (గేర్‌బాక్సు బయటి పెట్టెలో) ఉండిపోయాయి. ఒక ముక్క అంచుకు సమంగా ఉంది, రెండవది కాస్త లోపలికి ఉంది. తెగిన చోట సగం నల్లగానూ, మిగతా సగం తళతళలాడుతూనూ కనిపిస్తోంది. ఈ హౌసింగు మళ్లీ దొరికేది కాదు కనుక దాని మరలు (బోల్టు పట్టే లోపలి చుట్లు) చెడకుండా తీయాలి. నేరుగా ఎక్స్‌ట్రాక్టరు (విరిగిన ముక్కలో రంధ్రం వేసి, అందులోకి దింపి తిప్పి తీసే పనిముట్టు) వాడవచ్చా?

మొదటి జవాబు:
దయచేసి ఎక్స్‌ట్రాక్టరుతో మొదలుపెట్టకండి. అది గట్టి ఉక్కు, పెళుసు కూడా. లోపల విరిగితే మామూలు డ్రిల్ బిట్ దాన్ని కోయలేదు. మీ వర్ణనలో ఆశపడదగ్గ విషయం ఒకటుంది. విప్పేటప్పుడు తల తెగిన బోల్టు తుప్పుతో బిగుసుకుని ఉంటుంది. నడుస్తూ తెగినదానికి బిగువు పోయి ఉంటుంది కనుక చాలాసార్లు తేలికగానే కదులుతుంది. తుప్పు వదిలించే నూనె పోసి ఒక రాత్రి నాననివ్వండి. ఆ తర్వాత సన్నని పంచ్‌ను (సుత్తితో కొట్టే ఉక్కు కడ్డీని) ముక్క అంచు దగ్గర ఏటవాలుగా ఆనించి, విప్పే దిశలో చిన్న దెబ్బలు వేస్తూ వెళ్లండి.

రెండవ జవాబు:
అలా కదలకపోతే అంచుకు సమంగా ఉన్న ముక్క మీద నట్టు పెట్టి, దాని రంధ్రం గుండా వెల్డింగ్ చేయించండి. నట్టు పట్టు ఇవ్వడమే కాదు, ఆ వేడికి తుప్పు పట్టు కూడా సడలుతుంది. బ్యాటరీ కనెక్షన్లు తీసి, పెట్రోలు ట్యాంకును దూరంగా పెట్టాకే వెల్డింగ్ మొదలుపెట్టాలి. లోపలి ముక్కకైతే సరిగ్గా నడిమధ్యన సెంటర్ పంచ్ గుర్తు వేసి, ఎడమవైపు తిరిగే డ్రిల్ బిట్‌తో సన్నగా తొలవండి. అది విప్పే దిశలోనే తిరుగుతుంది కనుక తొలుస్తుండగానే ముక్క బయటికి వచ్చేయడం కద్దు. ఈ పనిలో అసలు కష్టం నడిమధ్యను పట్టుకోవడమే. రంధ్రం పక్కకు జరిగితే డ్రిల్ మెత్తటి పోత ఇనుములోకి దిగిపోతుంది.

మూడవ జవాబు:
తీయడం ఎంత ముఖ్యమో, ఎందుకు తెగిందో చూడడమూ అంతే ముఖ్యం. నల్లటి సగం చాలాకాలంగా పాకిన పగులు, మెరిసే సగం చివరికి ఒక్కసారిగా తెగిన భాగం. అంటే బోల్టులు వదులై ఊగాయన్నమాట. ఛాసిస్ రంధ్రాలు కోలగా సాగాయేమో చూసి, నాలుగు బోల్టులనూ మార్చండి. కొలత విషయంలో జాగ్రత్త: 5/16 అంగుళం బోల్టూ 8 మిల్లీమీటర్ల బోల్టూ కంటికి ఒక్కలాగే ఉంటాయి, కానీ మొదటిదానికి సాధారణంగా అంగుళానికి 18 చుట్లు, రెండవదానికి చుట్టుకూ చుట్టుకూ మధ్య 1.25 మిల్లీమీటర్లు. తప్పుది కొద్దిగా ఎక్కి బిగుసుకుంటుంది. బలవంతంగా తిప్పితే మీరు కాపాడాలనుకున్న మరలే పోతాయి.