ప్రభారాశి అంటే సూర్యుడేనా?

పాలపుంత: పోతన భాగవతంలో వామనుడు పెరిగే ‘ఇంతింతై వటుఁడింతయై’ పద్యంలో ఒక్కచోట ఎప్పుడూ ఆగిపోతాను. ‘ప్రభారాశిపై నంతై చంద్రుని కంతయై’. ప్రభారాశి సూర్యుడైతే, సూర్యుణ్ణి దాటాక చంద్రుడు తగలడమేమిటి? చంద్రుడు మనకు 3,84,000 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు, సూర్యుడు 15 కోట్ల కిలోమీటర్ల దూరంలో. ‘కాంతి సమూహం’ అని టీక చెప్పి ఊరుకుంటే నాకు తృప్తి లేదు.

తాళపత్రం: సూర్యుడే, సందేహం వద్దు. సంస్కృత భాగవతం పంచమ స్కంధం చూడండి. ‘అర్కగభస్తిభ్య ఉపరిష్టాత్’ లక్ష యోజనాల ఎత్తున చంద్రుడని ఉంది. గభస్తులు కిరణాలు, కిరణాల కుప్పే ప్రభారాశి. పోతన వరస తప్పలేదు, పురాణం వరస అదే.

అష్టమం: పంచమ స్కంధాన్ని తెలుగు చేసినవాడు గంగన, పోతన కాదు. పోతన మాటకు పోతనలోనే సాక్ష్యం వెతకాలి. ‘రవిబింబం బుపమింప’ పద్యంలో సూర్యుడు గొడుగై, శిరోరత్నమై, చెవికి సొమ్మై, కంఠాభరణమై, దండకడియమై, కంకణమై, మొలగంటై, అందెయై చివరికి పాదపీఠమవుతాడు. ఒక్క సూర్యబింబాన్ని కదపకుండా ఉంచి వామనుణ్ణి పెంచిన ఊహ అది! సూర్యుణ్ణి ముందే దాటించేసి ఉంటే మళ్ళీ గొడుగుగా పట్టిస్తాడా? నా లెక్కన ప్రభారాశి సూర్యుడు కాదు, మేఘాల పైనున్న వెలుగు.

తాళపత్రం: గంగన సంగతి నాకు కొత్త కాదు, నేను చూపింది మూలాన్ని. ఆ రెండో పద్యం జరిగినదాన్నే నేల మీద నిలబడినవాడి కంటితో మళ్ళీ చూడడం.

శార్దూలం: అసలు చిక్కు విభక్తిలో ఉంది. నభోవీధిపైన్, ప్రభారాశిపైన్, ధ్రువునిపైన్, మహర్వాటిపైన్ అన్నవాడు చంద్రుడి దగ్గర మాత్రం ‘చంద్రునికి అంతయై’ అన్నాడు. మిగతావాటిని దాటాడు, చంద్రుడితో సమానమై ఒక్క క్షణం నిలిచాడు. నాకు అలాగే వినిపిస్తుంది.

తాళపత్రం: మేఘాలకూ ‘అగ్రమునకు అల్లంతై’ అనే ఉందిగా. పైగా ‘చంద్రునిపై నంతై’ అంటే ఛందస్సులో గణం చెడుతుంది. ‘పై’ తర్వాత లఘువు రావాలి, ‘నం’ గురువు.

శార్దూలం: గణం కోసం పోతన అర్థాన్ని వదులుకుంటాడంటే ఒప్పుకోను.

పాలపుంత: పద్యం చివర వామనుడు ‘బ్రహ్మాండాంత సంవర్ధి’ అవుతాడు, ఆ బ్రహ్మాండం ఎంతన్నదీ చూడాలి కదా? పంచమ స్కంధం భూమండలానికి 50 కోట్ల యోజనాలు చెబుతుంది. యోజనం 8 మైళ్ళనుకుంటే దాదాపు 640 కోట్ల కిలోమీటర్లు. వెలుగు 6 గంటల్లో దాటేస్తుంది. ఇప్పుడు మనకు కనిపించగల విశ్వం అడ్డుకొలత సుమారు 9,300 కోట్ల కాంతి సంవత్సరాలు. కాలం దగ్గర పురాణానిదే పైచేయి. విశ్వం వయసు సుమారు 1,380 కోట్ల ఏళ్ళు. బ్రహ్మకు ఒక్క పగలే 432 కోట్లు, నూరేళ్ళ ఆయుర్దాయం 311 లక్షల కోట్లకు పైమాట.

అష్టమం: కొలతల జోలికి పోతే గజేంద్రమోక్షంలో ‘అలోకంబగు పెంజీఁకటి కవ్వల’ అన్న పోతనకు అన్యాయం చేసినట్లే. లోకాలు తెగిన తుదికి కూడా అవతల ఉంది అన్న కవి ఆయన. నాకు ఆ కంద పద్యం ముందు వామనుడి పెరుగుదల కూడా చిన్నదే.

శార్దూలం: ‘పెంజీకటి’ మీద వేరే చర్చ పెట్టండి, వస్తాను. ఇక్కడ మాత్రం చంద్రుడికి ‘పై’ ఎందుకు దక్కలేదో తేలలేదు. పాత ముద్రణల్లో మూడో పాదానికి పాఠాంతరం చూసినవారుంటే పాదం మొత్తం రాయండి, అరసున్నలతో సహా.