కోరంగి వాళ్ళంటే ఎవరండీ? తిట్టా, ఊరి పేరా?

పలాసబాబు:
మా ముత్తాతది టెక్కలి దగ్గర పల్లెటూరు. రంగం (మావైపు రంగూన్‌ని అలాగే అంటారు) వెళ్ళి రేవులో మూటలు మోశాడు. అక్కడ ఆయన్ని అందరూ కోరంగి అనేవారట, పేరు కూడా అడిగేవారు కాదట. మరి ఆయన జన్మలో కోరంగి మొహం చూళ్ళేదు. మా అమ్మాయి వంశవృక్షం గీస్తూ "మనం కోరంగివాళ్ళమా, శ్రీకాకుళమోళ్ళమా" అని అడిగింది, ఏం చెప్పాలో తెలిసినోళ్ళు చెప్పండి

గోదారిగట్టు:
కోరంగి మా పక్కనేనండీ, తాళ్ళరేవు మండలం. ఇప్పుడంటే మడ అడవులు చూడ్డానికి వస్తున్నారు గానీ ఒకప్పుడు పెద్ద ఓడరేవు, ఓడలు కట్టేవారు కూడా. 1789లో ఒక ఉప్పెన, 1839లో ఇంకోటి, ఆ రెండోదాంతో రేవు పని అయిపోయింది. తమాషా ఏంటంటే రేవు పోయినా పేరు మాత్రం బర్మాలో తెలుగోళ్ళకి అతుక్కుపోయింది. గంజాం, విశాఖ, గోదావరి జిల్లాలవాళ్ళు ఎవరు ఎక్కడ ఓడెక్కినా అక్కడ దిగాక కోరంగీలే. ఇంగ్లీషోళ్ళ కాయితాల్లోనూ అదే మాట

తెలుగుమాస్టారు:
పుట్టుకతో అది తిట్టు కాదు. కానీ కూలీపనికీ ఆ పేరుకీ ముడిపడ్డాక పలికే గొంతులో తేడా వస్తుంది కదా. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీలు జీతం కోసం సమ్మె చేస్తే వాళ్ళ బదులు బర్మావాళ్ళని పెట్టుకున్నారు, సమ్మె తేలాక బర్మావాళ్ళని పొమ్మన్నారు, దాంతో పెద్ద అల్లర్లు జరిగి చాలామంది చచ్చిపోయారు, ఎక్కువమంది మనవాళ్ళే. ఆ రోజుల్లో వీధిలో కోరంగి అని పిలిస్తే అది ఊరి పేరులా వినపడుతుందా చెప్పండి

ఈపోఅక్క:
మలేషియాలో మాకు "కెలింగ్" (అక్కడ దక్షిణాదివాళ్ళని అనే మాట) అనే మాటతో ఇదే గొడవ. కళింగ నుంచి వచ్చిందంటారు. పాత మలయ్ రాతల్లో అది మామూలు దేశం పేరు, మలక్కాలో కాంపుంగ్ కెలింగ్ మసీదు ఇప్పటికీ ఉంది. ఇప్పుడు ఎవరినైనా ఆ మాటంటే కొట్టుకునేదాకా వెళ్తుంది. ఇంకో చిక్కు, కళింగం పేరు మనది, తిట్లు తినేది ఎక్కువగా తమిళులు 😀 బయటోళ్ళకి తెలుగు, తమిళం తేడా ఎక్కడ తెలుసు

గోదారిగట్టు:
@ఈపోఅక్క ఇంగ్లీషోళ్ళ పాత డిక్షనరీ హాబ్సన్ జాబ్సన్‌లో కోరంగి కూడా కళింగ నుంచే వచ్చి ఉంటుందని ఉంది. నాకైతే నమ్మకం కుదర్లేదు, శబ్దం కలిసింది కదా అని కట్టేసినట్టుంది

ఒకపాఠకుడు:
మారిషస్ సంగతి చూడండి. అక్కడ జనాభా లెక్కల్లో మీ పూర్వీకుల భాష ఏది అని విడిగా అడిగేవారు. ఇంట్లో క్రియోల్ (ఫ్రెంచి నుంచి పుట్టిన అక్కడి భాష) మాట్లాడేవాళ్ళు కూడా అక్కడ తెలుగు అని రాయించుకున్నారు. ఉగాదికి సెలవు కూడా ఉంది. అంటే పేరు ఎవరో పెట్టడం కాదు, వీళ్ళే చెప్పుకున్నారు. నాకు ఆ తేడా పెద్దదనిపిస్తుంది

పలాసబాబు:
అందరికీ థాంక్సండీ. మా నాన్నమ్మ సంగతి ఒకటి చెప్పాలి. 1964లో కొట్లన్నీ బర్మా గవర్నమెంటు లాగేసుకున్నాక వాళ్ళు విశాఖ వచ్చేశారు, వస్తే ఇక్కడ బర్మావోళ్ళు అన్నారు, ఉన్న పేట పేరు కూడా బర్మా క్యాంపే. కోరంగి అంటే ఆవిడ పెద్దగా పట్టించుకునేది కాదు గానీ బర్మావోళ్ళు అంటే మాత్రం మండిపడేది, "నేను మాట్లాడేది తెలుగు కాదేంట్రా" అని. అమ్మాయికి టెక్కలి, రంగం, విశాఖ మూడూ రాయమన్నాను, కోరంగి మాత్రం బ్రాకెట్లో పెట్టమన్నాను. ఇంతకీ సోంపేట, ఇచ్ఛాపురం వైపు రంగం అనే మాట ఇంకా వాడతారా?