విశ్వాసి గుర్తింపు ఏకాంత ప్రార్థనలోనా, సంఘంలోనా?

నాగర్‌కర్నూలు పాఠకుడు: సహోదరులకు వందనాలు. మొన్న ఆదివారం మా సంఘంలో 'క్రీస్తు నాలో జీవిస్తున్నాడు' అనే గలతీ 2:20 మీద వాక్యం చెప్పిన దైవసేవకులు, విశ్వాసి తానెవరో తెలుసుకునేదీ బలం పొందేదీ మోకాళ్ల మీదనే గాని కూటాల్లో కాదని గట్టిగా చెప్పారు. ఆరాధన ముగియగానే మా పెద్దలలో ఒకరు హెబ్రీ 10:25 చూపించి, సమాజంగా కూడడం మానవద్దని అక్కడ లేదా అని అడిగారు. రెండింటిలో ఏది మొదటిదంటారు?

దేవరకొండ విశ్వాసి: నిస్సందేహంగా ఏకాంతమే. మార్కు మొదటి అధ్యాయంలో సాయంత్రం పట్టణమంతా వాకిట కూడి ఉంది, అయినా ప్రభువు ఇంకా చీకటి ఉండగానే లేచి ఒంటరిగా ప్రార్థనకు వెళ్లాడు. అందరూ వెదుకుతున్నారని శిష్యులు వచ్చి చెప్పినా అక్కడే ఆగిపోక పక్క ఊళ్లకు బయలుదేరాడు. తాను ఎందుకు వచ్చాడో జనం చేత చెప్పించుకోలేదు. మన పాలమూరు, నల్లగొండ ప్రాంతాల ఎం.బి. (మెన్నొనైట్ బ్రెదరెన్) సంఘాల మూలం కూడా ఇదే. 1860లో రష్యా సామ్రాజ్యంలోని మెన్నొనైట్లు అనే ప్రొటెస్టంటు క్రైస్తవులలో కొందరు, పుట్టుకతో వచ్చిన సభ్యత్వం చాలదని, ఎవరికి వారు మారుమనస్సు పొందాలని వేరుపడ్డారు. ఇప్పుడు మనమేమో ఫలానా అయ్యగారి సంఘం వాళ్లమని చెప్పుకుంటున్నాం. ఆ అయ్యగారు వేరే ఊరికి వెళితే సగం మంది ఆరాధనకే రారు.

జడ్చర్ల సహోదరుడు: రోగం నిజమే, మందు సగమే. ఆ 1860 నాటి వారి మీద తగువు వచ్చిందే, అంతకు ముందు సంవత్సరం ఒక ఇంట్లో కలిసి ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షారసం పంచుకునే ఆచారం) ఆచరించినందుకు. ఒంటరిగా ప్రార్థించుకుని ఉంటే వారి జోలికి ఎవరు వెళ్లేవారు? పైగా గలతీ 2:20ని ఒక్క వచనంగా గోడ క్యాలెండరు మీద చదవకుండా పదకొండో వచనం నుండి చదవండి. అంతియొకయలో యూదులు కాని అన్యజనులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, యెరూషలేము సంఘ పెద్ద యాకోబు దగ్గర నుండి కొందరు రాగానే భయపడి పంక్తి మార్చాడు. పౌలు అందరి ఎదుటా ఆయనను నిలదీశాడు. 'క్రీస్తు నాలో జీవిస్తున్నాడు' అనే మాట ఆ వాదం మధ్యలోనే వస్తుంది. ఎవరెవరు ఎక్కడెక్కడ కూర్చుని తినాలో కులం నిర్ణయించిన మన ఊళ్లలో, దీని బరువు నేను విడమరచి చెప్పనక్కరలేదు.

మహబూబ్‌నగర్ నుండి ఒక చెల్లెలు: అన్నలారా, వలస వెళ్లిన వారికి ఏ సంఘం, ఏ ప్రార్థన గది? మా అమ్మ ముంబైలో కట్టడాల పనికి వెళ్లినప్పుడు చుట్టుపక్కల తెలుగు ఆరాధన లేదు. గిన్నెలు కడిగి, రేకుల షెడ్డు వెనక కొంగు తల మీద వేసుకుని ప్రార్థించేది. చదువు రాదు గనుక 23వ కీర్తన నోటికే చెప్పేది, ఆ తరువాత మా ఊరి సంఘంలోని వారి పేర్లు ఒక్కొక్కటిగా, మాతో మాట్లాడని వారివి కూడా.

జడ్చర్ల సహోదరుడు: చెల్లెమ్మా, అమ్మగారి ప్రార్థన నిండా సంఘమే ఉంది కదా. ప్రవక్త ఏలీయా కూడా తాను ఒక్కడినే మిగిలానన్నప్పుడు, బయలు దేవతకు మోకాలు వంచని ఏడు వేలమంది ఉన్నారని దేవుడు చెప్పాడు.

దేవరకొండ విశ్వాసి: ఆ ఏడు వేలమందిలో ఒక్కరూ వచ్చి ఏలీయాకు ఆ సంగతి చెప్పలేదు, హోరేబు కొండ గుహ దగ్గర దేవుని స్వరమే చెప్పింది. అందుకే మొదటిది ఏకాంతమేనన్న మాట మీదనే నేను ఉన్నాను. రెండవది అక్కరలేదని మాత్రం ఎక్కడా అనలేదు.