‘ఇంగితం’, ‘సోయి’, ‘ఎరుక’: కామన్ సెన్స్ నిజంగా అందరిదేనా?

కామన్ సెన్స్‌కు ‘ఇంగితజ్ఞానం’ సరిపోతుందా, మన ఓరుగల్లు వైపు వినిపించే ‘సోయి’ అంటే చాలదా అని ఒకరు అడిగారు. రెండూ వాడదగినవే కాని, ఈ గుణం అందరికీ ఉండి తీరుతుందన్న భరోసా ఆ రెండింటిలోనూ లేదు.

ఇంగితమంటే మనసులోని భావం ముఖంలోనో చేష్టలోనో బయటపడడం. దాన్ని పసిగట్టడం ఎవరి పనో పంచతంత్రంలోని ఒక శ్లోకం చెబుతుంది: నోటితో చెప్పిన సంగతిని పశువు కూడా గ్రహిస్తుంది, అదిలిస్తే గుర్రాలూ ఏనుగులూ బరువు మోస్తాయి, ‘అనుక్తమప్యూహతి పండితో జనః’, అంటే చెప్పనిదాన్ని కూడా ఊహించేవాడు పండితుడు. దారిన పోయే ప్రతి మనిషికీ ఉండాలని మనం పట్టుబట్టే గుణాన్ని ఆ కవి పండితులకు మాత్రమే కట్టబెట్టాడు.

‘సోయి’ సంగతి వేరు. ‘సోయి తప్పి పడిపోయిండు’ అన్నప్పుడు అది స్పృహ, ‘గింత సోయి లేదా’ అన్నప్పుడు వివేకం. ‘ఆయనకు మస్తు సోయి ఉన్నది’ అని మెచ్చుకోగా నేను వినలేదు. (ఉద్యమకాలపు ‘తెలంగాణ సోయి’ మెచ్చుకోలే అయినా, అక్కడ అర్థం స్పృహకే దగ్గర.) ఉన్నప్పుడు ఎవరూ ఎంచని గుణం లేనప్పుడు తిట్టుగా మారుతున్నదంటే, అది అందరికీ ఉంటుందని మనం ముందే అనుకున్నామన్నమాట, ఆ తిట్టు రోజూ వినిపిస్తున్నదంటే ఆ అనుకోవడంలోనే ఏదో తేడా ఉన్నది.

లోకంలో అన్నిటికంటే సమానంగా పంచబడినది వివేకమేనని, ఎందుకంటే తనకు చాలినంత ఉందనే ప్రతివాడూ అనుకుంటాడని ఫ్రెంచి తత్వవేత్త డెకార్ట్ 1637లో కొంత వెటకారంగానే రాశాడు. కాని ఒకచోట అందరికీ ఉన్న తెలివి అక్కడికి కొత్తగా వచ్చినవారికి ఉండకపోవచ్చు. మన కాకతీయుల చెరువుల కింది ఊళ్లలో ఇది బాగా కనబడుతుంది. శిఖం భూమిలో, అంటే చెరువు నీళ్లు నిలిచే నేలలో, ఇల్లు కట్టరాదని, మత్తడి దుంకినప్పుడు (చెరువు నిండి అలుగు పారినప్పుడు) నీళ్లు ఏ దారి పడతాయో చూసుకోవాలని అక్కడి పెద్దలకు ఒకరు నేర్పనక్కరలేదు; ఆ చెరువు కిందనే బతికినందున అది వారికి అబ్బింది. ఎండకాలంలో ప్లాటు చూసి కొనుక్కున్న కొత్తవారికి అక్కడ కనిపించేది చదునైన నేల మాత్రమే. వానకు ఇల్లు మునిగాక ‘సోయి లేకుండ ఎట్ల కట్టిండ్రు’ అని వారినే అంటాము గాని, తెలిసీ అమ్మినవారిని ఆ మాట అనము.

ఇలాంటి తెలివికి నేనైతే ‘ఎరుక’ అన్న మాటనే ఎంచుకుంటాను. ‘సోయి లేదా’ అన్నది నిందగానే వస్తుంది. ‘నీకెరుకేనా’ అన్నప్పుడు మాత్రం ఎదుటివారికి తెలియకపోవచ్చునని ఒప్పుకొనే అడుగుతాము. కరీంనగర్, ఆదిలాబాద్ వైపు ‘సోయి’ని మెచ్చుకోలుగా వాడే అలవాటు ఉంటే అక్కడి మిత్రులు ఉదాహరణలతో తెలుపగలరు.