డబ్బు లేని పంచాయతీలో ముందు దేన్ని కాపాడుకోవాలి? మీ ఊరి అనుభవాలు చెప్పండి

మానేరు ఒడ్డు:
తెలంగాణలో 2024 ఫిబ్రవరి మొదట్లో సర్పంచుల పదవీకాలం అయిపోయింది. మళ్లీ ఎన్నికలు జరిగింది 2025 డిసెంబరులో. మధ్యలో అంతా ప్రత్యేకాధికారుల పాలన. ఎన్నికైన పాలకవర్గం లేదు కాబట్టి కేంద్రం నుంచి వచ్చే 15వ ఆర్థిక సంఘం గ్రాంటు ఆగింది. మాలాంటి చిన్న ఊరికి అదే పెద్ద దిక్కు.

మా దగ్గర మొట్టమొదట మూలపడింది వీధిలైట్ల రిపేరు. బస్టాండు నుంచి కాలనీకి వెళ్లే దారిలో బల్బులు మాడిపోతే నెలల తరబడి పట్టించుకున్నవాళ్లు లేరు. చివరి బస్సు దిగిన ఆడపిల్లలు సెల్‌ఫోన్ లైటు వేసుకుని గుంపుగా నడిచేవారు. ఇప్పుడు కొత్త పాలకవర్గం వచ్చింది, పాత బకాయిలు నెత్తిమీదే ఉన్నాయి. ఉన్న కాసిని డబ్బుల్లో ఏది ముందు, ఏది వెనక అని గ్రామసభలో అడగాలనుకుంటున్నాను. మీ ఊళ్లలో ఎలా నెట్టుకొచ్చారు?

పల్లె కార్యదర్శి:
కార్యదర్శి ఉద్యోగంలో చూసింది చెబుతాను అన్నా. కరెంటు బిల్లు కట్టకపోతే ఫ్యూజు పీకుతారు. ట్రాక్టర్ కిస్తీ ఆగితే బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది. బ్లీచింగ్ పౌడర్ కొనకపోతే మాత్రం ఎవ్వరూ అడగరు. అందుకే ముందు అదే ఆగిపోతుంది. తొలకరి పడ్డాక ఒక వాడలో వాంతులు, విరేచనాలు మొదలైతే అప్పుడు అందరం పరుగెత్తుతాం.

డీజిల్ బంకులో అప్పు పెట్టి చెత్త ట్రాక్టర్ నడిపించాం. చాలామంది కార్యదర్శులు జేబులోంచి పెట్టుకున్నారు. ఆ డబ్బు వస్తుందో రాదో అన్న టెన్షన్ ఇంట్లోవాళ్లకు కూడా.

మీరు గ్రామసభలో మాట్లాడేముందు ఒకటి గుర్తుంచుకోండి. 2026 మార్చి వరకు ఉన్న 15వ ఆర్థిక సంఘం గ్రాంటులో 60 శాతం తాగునీటికి, పారిశుద్ధ్యానికే ఖర్చుపెట్టాలి. మిగతా 40 శాతం ఊరి అవసరాన్ని బట్టి వాడుకోవచ్చు గానీ జీతాలకు వాడకూడదు. అంటే సఫాయి కార్మికుల జీతానికి ఆ గ్రాంటు పనికిరాదు, ఆదుకునేది ఇంటిపన్నులాంటి సొంత ఆదాయం. దాన్ని స్వాగత తోరణాలకు, రంగులకు ఖర్చుపెట్టేస్తే మోరీ తీసే మనిషికి జీతం ఎక్కడినుంచి ఇస్తాం?

కృష్ణా డెల్టా:
మా ఆంధ్రలోనూ ఈ గోస ఉంది. 2021లో ఆర్థిక సంఘం నిధులను పాత కరెంటు బకాయిల కింద సర్దేస్తే సర్పంచులు రోడ్డెక్కారు.

లైట్ల సంగతికొస్తే, మా ఊళ్లో ముందు మూడో వైరు వేయించాం. అది లేకపోతే వీధిలైట్లకు వేరే స్విచ్చు ఉండదు, పట్టపగలు కూడా వెలుగుతూనే ఉంటాయి, బిల్లు వాచిపోతుంది. వైరు వేసి ఆన్ఆఫ్ బాక్సు పెట్టాక బిల్లు బాగా తగ్గింది. మిగిలిన దాంతో చెరువుకట్ట మలుపులో కొత్త ఎల్ఈడీలు వేశాం. అక్కడ రాత్రిపూట బండ్లు పడిపోయేవి. మీరు కూడా స్తంభాలన్నీ తిరిగి చూడండి, మూడో వైరు ఎక్కడిదాకా ఉందో రాసుకోండి.

కొలరాడో తెలుగు:
నేనుండే రాష్ట్రంలోనూ ఇలాంటిదే జరిగింది. 2008 మాంద్యం తర్వాత కొలరాడో స్ప్రింగ్స్ నగరానికి ఆదాయం పడిపోయింది. ఆస్తిపన్ను పెంచుతామంటే 2009 నవంబరులో జనం ఓటేసి వద్దన్నారు. 2010లో నగరంలో దాదాపు మూడోవంతు వీధిలైట్లు ఆర్పేశారు. పార్కుల్లో చెత్తడబ్బాలు ఎత్తేశారు, పోలీసు హెలికాప్టర్లు అమ్మకానికి పెట్టారు. మా వీధిలో లైటు వెలగాలంటే మేమే డబ్బు కట్టాలన్న పద్ధతి కూడా తెచ్చారు. నాకది అన్యాయంగా అనిపిస్తుంది. డబ్బున్న వీధికి వెలుతురు, లేనివాళ్లకు చీకటి. మీ ఊళ్లో చందాలతో లైట్లు వేద్దామని ఎవరైనా అంటే, ముందు కాలనీ దారికి వేయమని అడగండి.

ఆశా అక్క:
అందరూ లైట్ల గురించే చెబుతున్నారు, మోరీల గురించి కూడా రాయండి. మాకు ఇంటింటికీ తిరిగి జ్వరాల లెక్క రాయడమే పని. ఫాగింగ్ మిషన్ ఉంది, అందులో పోయడానికి మందు లేదు. నిలిచిన నీళ్లు తీసేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు, ఇద్దరు మనుషులు, రెండు పారలు చాలు. ఆ ఇద్దరికీ జీతం ఆగిపోయింది కాబట్టి రాలేదు. వాళ్లను తప్పుపట్టలేను. వాళ్లకూ పిల్లలున్నారు.

పాడుబడ్డ బావులు కూడా చూడండి. మా దగ్గర బడి వెనకాల ఒకటి నోరు తెరుచుకుని ఉంటే, తల్లులం వెళ్లి కూర్చుని ఇనుప జాలీ వేయించాం.

మానేరు ఒడ్డు:
అక్కా, బావి సంగతి మంచిగా గుర్తుచేశారు, మా ఊళ్లోనూ రెండున్నాయి. కార్యదర్శి గారూ, ఇంటిపన్ను వసూళ్లలోంచి ముందుగా కార్మికుల జీతం, బ్లీచింగ్, లైట్ల రిపేరుకు డబ్బు పక్కన పెట్టాకే వేరే పనులు మొదలుపెట్టాలని తీర్మానం చేయించాలనుకుంటున్నాను. మీ పంచాయతీలో అలాంటిది ఏదైనా చేసి ఉంటే నకలు పెట్టగలరా?

పల్లె కార్యదర్శి:
ఉంది, ఊరి పేరు తీసేసి రేపు పెడతాను. ఒక్క మాట, నోటితో ఒప్పుకున్నారని ఊరుకోవద్దు. మినిట్స్ బుక్కులో రాయించి, అక్కడే సంతకాలు పెట్టించండి.